భూస్వామి పేరు చెబుతారు, పొలం ఎవరికి పోయిందో చెప్పరు

ఐర్లండ్‌లోని మేయో జిల్లాలో మా రెండో చలికాలం అది. మా ఆవిడ ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నాది ఇంట్లో కూర్చుని చేసే కంప్యూటర్ ఉద్యోగం. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే దీపాలు వేసుకోవాలి. ఆమె రాత్రి డ్యూటీకి వెళ్లి, పిల్లవాడు నిద్రపోయాక నాకు బోలెడంత పొద్దు మిగిలేది. ఆ రోజుల్లోనే దూఖస్ అనే వెబ్‌సైటులో పాత నోటు పుస్తకాలకు నకలు రాసే పనిలో చేరాను. చేతిరాత పేజీ ఫోటో తెర మీద ఉంటుంది, దాన్ని చదివి టైపు చేయాలి. జీతం లేదు. మన పేరు కూడా పడదు. ఎవరో స్వచ్ఛందంగా నకలు రాశారని పేజీ కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది, అంతే.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. 1935లో ఐర్లండ్ ప్రభుత్వం జానపద కమిషన్ ఒకటి ఏర్పాటు చేసింది. ఊరూరా తిరిగి పాత సంగతులు సేకరించడానికి సరిపడా మనుషులు లేక, ఆ పని బడిపిల్లలకు అప్పగించారు. 1937 నుంచి 1939 వరకు 5,000 బడుల్లో 50,000 మందికి పైగా పిల్లలు ఇంట్లో తాతలనో, పక్కింటి ముసలివాళ్లనో అడిగి విన్నది రాసుకొచ్చారు. టీచర్ల కోసం కమిషన్ ఉద్యోగి షాన్ ఓ సూలవాన్ తయారుచేసిన చిన్న పుస్తకంలో 55 అంశాలు ఉన్నాయి. దాచిన నిధులు, వెన్న చిలకడం, పాదాల సంరక్షణ, నాటు వైద్యాలు, కరువు కాలం, ఊరి కమ్మరి కొలిమి. వాటిలో ఒకటి భూస్వామి. అన్నీ కలిపి 7,40,000 పేజీల దాకా తేలాయి. బ్రిటన్ కింద ఉండిపోయిన ఉత్తరాది ఆరు జిల్లాల బడులు మాత్రం ఇందులో లేవు.

నేను భూస్వామి అంశాన్నే ఏరుకున్నాను. మా తాతల ఊరు నూజివీడు జమీందారీ కిందిది. మా తాతయ్య రాజుగారి మాట ఎత్తితే తటస్థంగా ఉండేవాడు, కరణం పేరు వస్తే మాత్రం గొంతు పెరిగేది. జమీందారీలు పోయి దశాబ్దాలు గడిచినా ఆ కరణం మీద కోపం తగ్గలేదు. ఇక్కడి పిల్లల రాతల్లో ఎవరి మీద కోపం మిగిలిందో చూడాలనిపించింది.

పని మొదలుపెట్టడం తేలిక. పేరు నమోదు చేసుకుని, జిల్లా ఎంచుకుని, బడి ఎంచుకుని, ఇంకా ఎవరూ ముట్టుకోని పేజీ తెరవడమే. కష్టమంతా చదవడంలో ఉంది. సిరాలో ముంచి రాసే కలంతో పిల్లలు రాసిన అక్షరాలు. కొందరివి ముత్యాల్లా ఉంటాయి, కొందరివి కంచె దూకి పారిపోతుంటాయి. పిల్లవాడు ఎలా రాస్తే అలాగే టైపు చేయాలి, అక్షరదోషాలు దిద్దకూడదు. ఉద్యోగంలో రోజంతా ఇతరులు చేసిన తప్పులు దిద్దడమే నా పని కాబట్టి మొదట్లో వేళ్లు మాట వినేవి కావు. కొన్నాళ్లకు ఆ తప్పులే ఉపయోగపడసాగాయి. ఊళ్ల పేర్లు పిల్లవాడు చెవికి తోచినట్టు రాస్తాడు. అలా రాసినదాన్ని పైకి చదివితే ఇక్కడి ఊరివాళ్లు పలికినట్టే వినిపిస్తుంది, పటంలో ఉన్న స్పెల్లింగు ఆ పని చేయదు.

మాటలు కూడా కొత్తవి. రూడ్ అంటే పావు ఎకరం, అందులో నలభయ్యో వంతు పెర్చ్. శిస్తు కట్టే రోజును గేల్ అనేవారు. ఏడాదికి రెండుసార్లు, సాధారణంగా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి. చాలా ఎస్టేట్లలో కౌలుదారు ఎప్పుడూ ఒక విడత బాకీలోనే ఉండేవాడు. దాన్ని వేలాడే గేల్ అనేవారు. అది భూస్వామి దయ అని ఎస్టేటువాళ్లు చెప్పుకునేవారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు బకాయి చూపించి వెళ్లగొట్టే వీలు దాంతోనే వచ్చింది. ఈ కిటుకు అర్థమయ్యాక పిల్లల రాతల్లో భయం దేనికో తెలిసింది. లెక్కంతా సరిగా కట్టేవాడికి కూడా కాళ్ల కింద నేల తనది కాదు.

ఇక భూస్వామి. రాతల్లో ఆయన కనిపించేదే తక్కువ. చాలామంది లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉండేవారు, ఊళ్లో కనిపించేది ఏజెంటు. ఏజెంటు కింద బెయిలిఫ్, అంటే మన కోర్టు అమీనా లాంటివాడు, కానీ ఊరివాడే. పిల్లల రాతలన్నీ ఈ ఇద్దరి చుట్టూ తిరుగుతాయి. ఏజెంటు ఎదురైతే టోపీ తీయాలి. క్రిస్మస్‌కు బాతు పంపాలి. ఇంటి గోడకు సున్నం వేసినా, కిటికీకి అద్దం పెట్టినా కౌలు పెంచుతారు కాబట్టి ఇల్లు మాసిపోయినట్టే ఉంచుకోవాలి. కౌలు కట్టడమే కాక ఏడాదికి కొన్ని రోజులు ఎస్టేటు పొలంలో కూలి లేకుండా పనిచేయాలి. ఇది టైపు చేస్తున్నప్పుడు వెట్టి అన్న మాట నా నోట్లోకి దానంతటదే వచ్చింది.

అన్నీ నిజాలే అనుకోను. చంటిపిల్లతో సహా వీధిన పడిన ఒక వితంతువు మోకాళ్ల మీద కూలబడి శపిస్తుంది. ఆ బంగళా గుమ్మంలో గడ్డి మొలుస్తుంది, వంశం అంతరిస్తుంది. ఈ కథ ఒక బడి పుస్తకంలో చదివి ఒళ్లు గగుర్పొడిచింది. తర్వాత ఇంకో బడిలో, ఆ తర్వాత జిల్లా అవతలి అంచున మరో బడిలో అదే కథ ఎదురైంది. ఊరు మారింది, భూస్వామి మారాడు, వితంతువు మాత్రం మారలేదు. సున్నం కథను మాత్రం నమ్ముతాను. ఏ ఊరి పిల్లవాడు రాసినా అందులో అలంకారం ఉండదు, వాన పడింది అన్నంత మామూలుగా రాస్తాడు.

చెప్పినవాళ్ల వయసు చాలా పేజీల్లో ఉంటుంది. అది చూసి లెక్క వేయడం అలవాటైంది. 1938లో ఎనభై ఏళ్ల మనిషి 1858 ప్రాంతంలో పుట్టాడు. అంటే 1845లో బంగాళాదుంప తెగులుతో మొదలైన మహా కరువు అతను చూసినది కాదు, తల్లిదండ్రుల దగ్గర విన్నది. కౌలుదార్లు భూస్వాముల మీద తిరగబడిన 1879 భూమి పోరాటం నాటికి అతనికి ఇరవై ఏళ్లు దాటాయి, అది కళ్లారా చూసింది. రాతల్లో ఈ తేడా తెలుస్తుంది. కరువు ముచ్చట్లలో దయ్యాలు, శాపాలు, అద్భుతాలు ఉంటాయి. పోరాటం ముచ్చట్లలో తేదీలు, ధరలు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఉంటాయి. పిల్లలు ఇది రాస్తున్న రోజుల్లోనే రైతులు భూమి కొనుక్కోవడానికి తీసుకున్న పాత అప్పుల వాయిదాలను బ్రిటన్‌కు పంపనని 1932లో ఐర్లండ్ మొండికేయడంతో మొదలైన వాణిజ్య యుద్ధం నడుస్తోంది. ఇంగ్లండుకు పశువులు అమ్ముడుపోక రైతులు దూడలను చంపుకున్నారు. 1938 ఏప్రిల్‌లోగానీ రాజీ కుదరలేదు. కాబట్టి భూస్వామి గురించి రాసిన ఆ పిల్లలకు అది ముగిసిన చరిత్ర కాదు, అమ్మానాన్నలు వంటింట్లో రాత్రిపూట గొడవపడే విషయం.

మా దగ్గరి పట్టణం కాజిల్‌బార్. అక్కడి ఎస్టేటు లూకన్ ప్రభువులది. మూడో లూకన్ ప్రభువు జార్జ్ బింగమ్ కరువు రోజుల్లో కౌలుదార్లను వందల సంఖ్యలో వెళ్లగొట్టి, ఇళ్లు కూలగొట్టించి, పొలాలను పశువుల బీళ్లుగా మార్చాడు. 1847లో వచ్చిన నిబంధన ప్రకారం పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడికి ప్రభుత్వ సాయం అందదు, గంజి కావాలంటే నేల వదులుకోవాలి. పైగా ఏటా 4 పౌండ్ల కంటే తక్కువ విలువ కట్టిన కమతాలకు పేదల పన్ను భూస్వామే భరించాలి, కాబట్టి చిన్న కౌలుదారును వదిలించుకుంటే ఆయనకు లాభం. ఒక పక్క చట్టం తోస్తుంటే, ఇంకో పక్క ప్రభువు లాగాడు. మేయో జనాభా 1841లో 3,88,887. 1851 నాటికి 2,74,499. ఇదే లూకన్ 1854లో క్రిమియా యుద్ధంలో ఆంగ్లేయ ఆశ్వికదళానికి అధిపతి, బలాక్లావాలో లైట్ బ్రిగేడ్ సర్వనాశనమైన దాడికి ఆదేశం అందించినవాడు. మేయోవాళ్లకు అది గుర్తుచేస్తే భుజాలు ఎగరేస్తారు.

ఆ వంశంలో ఏడో ప్రభువు 1974 నవంబరులో లండన్ ఇంట్లో ఆయా హత్య తర్వాత మాయమయ్యాడు. మరణ ధ్రువపత్రం 2016లోగానీ రాలేదు. ఇళ్ల స్థలాలకు ఆ కుటుంబానికి నామమాత్రపు అద్దె కట్టాల్సిన కాజిల్‌బార్‌వాళ్లు, ప్రభువు స్వయంగా వచ్చి అడిగితే ఇస్తామని కట్టడం మానేశారట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఇక్కడి వాళ్ల మొహాల్లో ఉండే ఆనందం చూసి తీరాలి.

అందరూ లూకన్‌లు కాదు. కారా సరస్సు ఒడ్డున మూర్ హాల్ అనే బంగళా మొండిగోడలు అడవిలో నిలబడి ఉన్నాయి. జార్జ్ హెన్రీ మూర్ అనే ఆ ఇంటి భూస్వామి 1846లో కొరానా అనే గుర్రం మీద చెస్టర్ కప్ పందెం గెలిచి, ఆ డబ్బులో కొంత కౌలుదార్ల ఆకలి తీర్చడానికి ఖర్చుచేశాడు. ఆ ఎస్టేటులో కరువుకు ఎవరూ చావలేదని, ఎవరినీ వెళ్లగొట్టలేదని ఇప్పటికీ చెబుతారు. ఆ బంగళాను 1923 ఫిబ్రవరిలో, అంతర్యుద్ధంలో, బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించిన దళంవాళ్లు తగలబెట్టారు. మేము ఒక ఆదివారం వెళ్లాం. మా ఆవిడ గోడల చుట్టూ తిరిగి, మంచివాడి ఇల్లు కాల్చి చెడ్డవాడి ఊరిని వదిలేశారా అంది. నా దగ్గర జవాబు లేదు.

నకలు రాయడం దగ్గరే ఆగి ఉంటే బాగుండేదేమో గానీ, ఒక పేజీ నన్ను ఇంకో పనిలోకి లాగింది. మేము రోజూ నడిచే దారి పక్కన ఒక టౌన్‌ల్యాండ్ ఉంది. టౌన్‌ల్యాండ్ అంటే ఊరి కన్నా చిన్న పాలెం లాంటి విభాగం, ప్రతిదానికీ పేరు, హద్దులు ఉంటాయి, దేశం మొత్తం మీద అరవై వేలకు పైనే ఉన్నాయి. అక్కడ ఒకప్పుడు ఇళ్ల గుంపు ఉండేదని, అందరినీ ఒకే రోజు వెళ్లగొట్టారని ఒక పిల్లవాడు రాశాడు. ఇప్పుడు అక్కడ ఉన్నది గడ్డి, గొర్రెలు. ఎండ వాలుగా పడినప్పుడు గడ్డి కింద పాత బంగాళాదుంప బోదెలు గీతలు గీతలుగా కనిపిస్తాయి.

నిజమేనా అని చూడటం కష్టం కాలేదు. 1830ల నాటి సర్వే పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఆ టౌన్‌ల్యాండ్‌లో నల్ల చుక్కలుగా ఇళ్ల గుంపు ఉంది. తర్వాత గ్రిఫిత్ విలువ కట్టింపు తెరిచాను. రిచర్డ్ గ్రిఫిత్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 1847 నుంచి 1864 వరకు పన్నుల కోసం దేశమంతా ఇల్లిల్లూ తిరిగి రాసిన జాబితా అది. మన అడంగల్ చూసినవాళ్లకు పరిచయంగానే ఉంటుంది. ఎవరు సాగు చేస్తున్నారు, ఎవరి దగ్గర కౌలు, ఏముంది, ఎంత నేల, ఎంత విలువ. మేయో వంతు 1850ల మధ్యలో వచ్చింది. అప్పటికి ఆ చుక్కలన్నిటి స్థానంలో ఒకటే పేరు, దాని పక్కన పశువుల కాపరి ఇల్లు, భూమి అని ఉంది. 1901, 1911 జనాభా లెక్కల కాగితాలు కూడా ఉచితమే. వాటిలో అదే ఇంటిపేరు, ఇంకా పెద్ద కమతం. పిల్లవాడు చెప్పింది నిజమే. ఏజెంటు పేరు, బెయిలిఫ్ పేరు, ఇళ్ల కప్పులు పీకిన కూలీలు ఏ ఊరి నుంచి వచ్చారో కూడా రాశాడు. ఆ భూమి ఎవరు తీసుకున్నారో రాయలేదు.

ఆ తర్వాత ప్రతి పేజీలోనూ అదే వెతకసాగాను. భూస్వామిని తిడతారు, ఏజెంటును తిడతారు, బెయిలిఫ్ చనిపోయినప్పుడు శవపేటిక మోయడానికి మనుషులు రాలేదని గర్వంగా చెబుతారు. వెళ్లగొట్టినవాడి పొలంలో మర్నాడు పశువులు తోలుకున్న పొరుగువాడి దగ్గరకు వచ్చేసరికి పేరు ఉండదు. 'ఒక మనిషి', 'దగ్గర్లో ఒకాయన' అని దాటేస్తారు. కారణం ఊహించడం కష్టం కాదు. భూస్వామి వంశం వెళ్లిపోయింది. ఆ మనిషి మనవడు రాసే పిల్లవాడి పక్క బెంచీలోనే కూర్చుని ఉన్నాడు.

ఇక్కడ దాని బరువు ఎంతో తెలియాలంటే 1880 గుర్తుచేసుకోవాలి. మైకేల్ డేవిట్ పుట్టింది మా జిల్లాలోని స్ట్రేడ్‌లో, 1846లో. 1850లో అతని కుటుంబాన్ని ఇంట్లోంచి గెంటేశారు, ఇంగ్లండులో నూలుమిల్లులో పదకొండేళ్లకే కుడి చేయి పోగొట్టుకున్నాడు. అతని చొరవతో 1879 ఆగస్టులో కాజిల్‌బార్‌లో మేయో ల్యాండ్ లీగ్ అనే కౌలుదార్ల సంఘం, అక్టోబరులో డబ్లిన్‌లో జాతీయ ల్యాండ్ లీగ్ పుట్టాయి. 1880 సెప్టెంబరులో ఎనిస్ సభలో లీగ్ నాయకుడు పార్నెల్, వెళ్లగొట్టినవాడి భూమి తీసుకున్న మనిషిని దారిలో, దుకాణంలో, చర్చిలో పలకరించకుండా వెలివేయమన్నాడు. ఆ మాటను మొదట ఘనంగా అమలు చేసింది మాస్క్ సరస్సు దగ్గర, ఎర్న్ ప్రభువు ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ మీద. అతని పంట కోయడానికి ఉత్తరాది నుంచి యాభై మంది వస్తే, వాళ్లకు కాపలాగా వందల మంది సైనికులను దింపాల్సి వచ్చింది. బాయ్‌కాట్ కథ అందరికీ తెలుసు, ఇక్కడ గర్వంగా చూపిస్తారు. అతను బయటివాడు కాబట్టి అది తేలిక. పార్నెల్ అసలు చెప్పింది పొరుగువాడి గురించి.

ఆ లీగ్ ఒత్తిడితోనే చట్టాలు వరసగా వచ్చాయి. 1881లో న్యాయమైన కౌలు నిర్ణయించే, తర్వాత భూములు కొని పంచిన ల్యాండ్ కమిషన్, 1903లో వింధమ్ చట్టం. ప్రభుత్వం అప్పిస్తే కౌలుదారు భూమి కొనుక్కుని అరవై ఎనిమిదిన్నరేళ్ల పాటు వాయిదాల్లో తీర్చాలి. ఆ చట్టం వెనుక పనిచేసిన అధికారి ఆంటొనీ మెక్‌డొనెల్ కూడా మేయోవాడే. అంతకుముందు భారతదేశంలో ఐసీఎస్ ఉద్యోగం చేశాడు, 1885 బెంగాల్ కౌలుదారీ చట్టం రూపొందడంలో అతని చేయి ఉంది. మేయో మనిషి బెంగాల్ రైతుల హక్కులు నేర్చుకుని తిరిగొచ్చాడు, కృష్ణా జిల్లావాణ్ని నేను మేయో రైతుల రాతలకు నకలు రాస్తున్నాను. ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి డ్యూటీలో ఉన్న మా ఆవిడకు ఫోను చేసి చెప్పాను. తను పేషెంటు దగ్గర ఉన్నానంది.

టౌన్‌ల్యాండ్ సంగతి మా వీధి చివర పెద్దాయనను అడిగాను. ఇక్కడ ఎనభై దాటినవాళ్లనూ పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక సర్ అంటే ఆయన నొచ్చుకున్నారు, దాంతో అసలు ఏమీ పిలవకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. ఆయన టీ పోసి, లూకన్ గురించి చెప్పారు, మా తాతయ్య కరణం గురించి నా చేత చెప్పించుకుని బాగా నవ్వారు. వాళ్ల నాన్న 1903 చట్టం వాయిదాలు కడుతూనే పోయారని, రసీదులు ఇప్పటికీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయని చూపించారు. ఆ బీడు ఎవరికి పోయింది అని అడిగాను.

"ల్యాండ్ కమిషన్" అన్నారు.

కమిషన్ పుట్టక ముందే, 1850ల జాబితాలోనే అక్కడ ఒకరి పేరుందని చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, "అమెరికా నుంచి వేసవిలో వస్తుంటారు, తాతల పొలం ఎవరి చేతిలో ఉందని అడుగుతారు. అందరికీ ల్యాండ్ కమిషన్ అనే చెబుతాం. వాళ్లు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు ఇక్కడే ఉండేవాడివి" అన్నారు.

ఆ జవాబు అంత చక్కగా పనిచేయడానికి ఇంకో కారణముంది. 1999లో మూతపడిన ఆ కమిషన్ ఎవరి దగ్గర కొని ఎవరికి పంచిందో తెలిపే లక్షల కాగితాలు పోర్ట్‌లీష పట్టణంలో ఉన్నాయి, మామూలు పరిశోధకులకు చాలాకాలంగా అందవు. గ్రిఫిత్ జాబితా మాత్రం ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు. ఆయనకు చూపించాలా అని అడిగితే, ఆ పేరు తనకు తెలుసన్నారు, నాకు కూడా తెలిసిందని ఊళ్లో అనవద్దన్నారు.

అనలేదు. ఇక్కడా ఆ ఇంటిపేరు రాయడం లేదు. నకలు రాసే పని మాత్రం సాగుతోంది. ఆ బడి భూస్వామి పేజీలు అయిపోయి, ఇప్పుడు పాదాల సంరక్షణ మీద ఉన్నాను.